ఆ వెయ్యిమంది ఎవరు? సమురాయ్ కథలు చెప్పే జపాన్ సృజనకారులకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన అనిమే దర్శకులకు, వీడియో గేమ్‌ల రూపకర్తలకు, చారిత్రక ధారావాహికల రచయితలకు,

నమస్కారం.

మీరు తీసే అనిమేలు ఇప్పుడు మా ఇళ్లలో తెలుగులో మాట్లాడుతున్నాయి. కొన్నేళ్ల క్రితం వరకు ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు చదువుకుంటూ చూసిన మేము ఇవాళ కత్తి దూసే వీరుడి నోట మా మాటే వింటున్నాం. మీ కథ మా భాషలో మాకు చేరుతున్నప్పుడు మా విన్నపం కూడా మా భాషలోనే చెప్పుకోవడం సబబని తోచి ఈ లేఖ రాస్తున్నాను. నేను చరిత్ర పరిశోధకుణ్ని కాను. మీ దేశపు సెంగోకు యుగం, అంటే పదిహేనో శతాబ్దం నడిమి నుంచి పదిహేడో శతాబ్దం ఆరంభం దాకా సాగిన అంతర్యుద్ధాల కాలం, మీరు అల్లిన కథల ద్వారానే నాకు పరిచయమైంది. ఆ కథల మీద ఇష్టంతోనే అసలు చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివే కొద్దీ ఒక విషయం మనసును కలచివేస్తూ వచ్చింది.

పోయిన వేసవిలో మా అక్క కొడుకు పదో తరగతి పరీక్షలు రాసి మా ఇంట్లో పది రోజులు ఉన్నాడు. వాడికి సెంగోకు కాలపు సేనానుల పేర్లన్నీ కంఠతా వచ్చు. ఎవరి కవచం ఏ రంగు, ఎవరి ఈటె ఎంత పొడవు, అడిగితే తడుముకోకుండా చెబుతాడు. ఒక సాయంత్రం వాడు వాళ్ల మీద వచ్చిన వీడియో గేమ్ ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. వీరుడు ఒక్కసారి ఈటె తిప్పితే పదిహేను మంది గాలిలోకి లేచి పడుతున్నారు. తెర మూలన ఒక అంకె పెరుగుతూ పోతోంది. అది 1,000కి చేరగానే తెర అంతా మెరిసింది, అభినందన వినిపించింది. “మామయ్యా, వెయ్యి అయింది చూడు!” అన్నాడు వాడు సంబరంగా. “వాళ్లంతా ఎవరురా?” అని అడిగాను. “ఎవరో మామయ్యా, ఉత్త సైనికులు” అన్నాడు. వాడి తప్పేమీ లేదు. ఆ వెయ్యిమందికీ ఒకే ముఖం, ఒకే శంకువు ఆకారపు టోపీ, కూలినప్పుడు ఒకే అరుపు. కూలిన మరుక్షణం నేల మీద ఒక్క శవమైనా మిగలకుండా మాయమైపోతున్నారు.

ఈ లేఖ ఆ వెయ్యిమంది గురించి.

ముందుగా ఒక అపోహ కలగకుండా చూడాలి. మీరు చరిత్రను మారుస్తున్నారన్నది నా ఫిర్యాదు కాదు. 2009లో వచ్చిన సెంగోకు బసారా అనిమేలో దాతె మసామునె ఆరు కత్తులు పట్టి, ఇంగ్లిష్ ముక్కలు కలిపి మాట్లాడుతూ, మోటార్ సైకిల్ హ్యాండిల్ బిగించిన గుర్రం మీద వస్తే నేను మనస్ఫూర్తిగా ఆనందించాను. అలా మార్చి చెప్పడం మీ కళాసంప్రదాయంలో మొదటి నుంచీ ఉన్నదే. సెంగోకు తర్వాత దేశాన్ని ఏలిన తొకుగవా పాలకులు సమకాలీన సమురాయ్ ఉదంతాలను అసలు పేర్లతో రంగస్థలం మీద చూపరాదని కట్టడి చేసినప్పుడు, 47 మంది రోనిన్ల, అంటే ప్రభువును కోల్పోయిన సమురాయ్‌ల, ప్రతీకార గాథను మీ పూర్వులు 1748లో ఏకంగా 14వ శతాబ్దానికి జరిపి, వారి నాయకుడు ఓయిషి కురానొసుకెకు ఓబోషి యురానొసుకె అని పేరు పెట్టి ఆడించారు. 1804లో, తొకుగవాలకు ముందు దేశాన్ని ఏలిన హిదెయోషి జీవితాన్ని బొమ్మలుగా వేసినందుకు చిత్రకారుడు ఉతామారో చేతులకు సంకెళ్లు పడ్డాయి. అంత కష్టపడి కథను నిలబెట్టుకున్న వంశంలో వచ్చినవారు మీరు. ఇవాళ మీ చేతులకు సంకెళ్లు లేవు. వీరుడి జుట్టుకు నీలిరంగు వేయండి, వృద్ధ సేనానిని పాతికేళ్ల కుర్రవాణ్ని చేయండి, సేనాని హొందా తదాకత్సును మరమనిషిగా చూపండి, నాకు అభ్యంతరం లేదు. వీరుణ్ని ఎంతగా మార్చినా, వీరుడి కత్తికి ఎదురుపడిన మనిషిని మాత్రం చెరిపివేయవద్దన్నదే నా విన్నపం.

మసామునెనే తీసుకుందాం. చిన్నతనంలో మశూచి వల్ల కుడికన్ను పోయిన ఈ ఈశాన్య ప్రభువును “ఒంటికన్ను డ్రాగన్” అంటారు. 1987లో మీ ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఆయన మీద ప్రసారం చేసిన తైగాకు, అంటే ఏడాది పొడవునా సాగే చారిత్రక ధారావాహికకు, సగటున 39.7 శాతం రేటింగ్ వచ్చింది. తైగా చరిత్రలో అంతకు మించిన సగటు మరొకటి లేదు. ఆ తర్వాత ఆటల్లోనూ అనిమేలోనూ ఆయన చలాకీ కుర్రవాడయ్యాడు. ఆ కుర్రవాడే పద్దెనిమిదేళ్ల వయసులో, 1585లో, ఇప్పటి ఫుకుషిమా ప్రాంతంలోని ఓదెమోరి కోటను పట్టుకుని తన మేనమామ మొగామి యోషియాకికి రాసిన లేఖ ఒకటి మిగిలింది. కోట నాయకుడు మొదలుకొని 500 మందికి పైగా చంపించాననీ, ఆడవారిని, పిల్లలను సరేసరి, కుక్కలను కూడా వదలకుండా నరికించాననీ, మొత్తం 1,100కి పైగా అయ్యాయనీ అందులో ఉంది. ఇతర పత్రాల్లో ఆ అంకె మారుతుంది కాబట్టి ఇందులో గొప్పలకు పోయిన పాలు కొంత ఉండవచ్చు. అయితే గొప్పలకు పోవడమే ఇక్కడ గమనించవలసిన సంగతి. తెర మూలన పెరిగే అంకె మీరు కనిపెట్టింది కాదు. పద్దెనిమిదేళ్ల మసామునె కూడా ఆ అంకెను తన బంధువుకు చూపించి మెప్పు కోరుకున్నాడు. తేడా ఒక్కటే: ఆ అంకెలో ఆడవారు, పిల్లలు, కుక్కలు ఉన్నారని ఆయన దాచలేదు, మీరు దాస్తున్నారు.

ఉయెసుగి కెన్షిన్ సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. మీ కథలన్నింటిలోనూ ఆయన ధర్మానికి నిలువెత్తు రూపం. తెల్లని తలగుడ్డ, నిశ్చలమైన చూపు, లోభం తెలియని యుద్ధం. నేను కూడా చాలాకాలం ఆయన్ను అలాగే ఆరాధించాను. 1566లో ఆయన సేన హితాచి ప్రాంతంలోని ఓదా కోటను పట్టుకున్నాక, ఆ వసంతమంతా అక్కడ మనుషులను 20, 30 నాణేల చొప్పున అమ్మి కొన్నారనీ, అది కెన్షిన్ అనుమతితోనే జరిగిందనీ ఆనాటి కాలక్రమ గ్రంథం ఒకటి నమోదు చేసింది. దీనివల్ల కెన్షిన్ మిగతా ప్రభువుల కంటే క్రూరుడని తేలదు. ఆనాడు యుద్ధం నడిచిన పద్ధతే అది. కాలిబంటుకు జీతం అంతంతమాత్రం. ఓడిన ఊరిలో చేతికందిన ధాన్యం, పశువు, మనిషి వాడి రాబడి. చెరపట్టినవారిని బంధువులు డబ్బు కట్టి విడిపించుకోవాలి, లేకపోతే అమ్మకానికి పోవాలి. మీ చరిత్రకారులు దీని మీద ఎంతో పరిశోధన చేశారు. ఆ పరిశోధన మీ తెర మీదికి ఎందుకు రాదు?

రాకపోవడానికి ఒక కారణం నాకు తోస్తోంది. ఆ యుగపు క్రూరత్వం మొత్తాన్నీ మీరు ఒకే ఒక మనిషి నెత్తిన పెట్టేశారు. ఆయన ఆ కాలపు మరో ప్రభువు ఓదా నొబునాగా. ప్రత్యర్థి ప్రభువు తకెదా షింగెన్‌కు రాసిన లేఖలో ఆయన తనను “ఆరో స్వర్గపు మారరాజు” అని సంతకం చేసుకున్నాడని జెసూయిట్ మతబోధకుడు లూయిస్ ఫ్రోయిస్ 1573లో రాశాడు. ప్రత్యర్థి పెద్ద మతబిరుదు పెట్టుకుంటే ఎకసెక్కంగా ఇచ్చిన ఆ జవాబును పట్టుకుని మీరు ఆయనకు కొమ్ములు, నల్లని పొగ, ఎర్రని కళ్లు ఇచ్చారు. ఆయన చంపించినవారి సంఖ్యకు లోటేమీ లేదు. 1571లో హియెయి కొండ మీది ఎన్ర్యాకుజీ మఠాన్ని తగలబెట్టించాడు. 1574లో నగాషిమాలో ఎదురుతిరిగిన భక్తజనాన్ని కంచెలు కట్టి బంధించి నిప్పు పెట్టించాడు. ఆ కంచెల లోపల 20,000 మంది ఆడామగా ఉన్నారని రాసినవాడు నొబునాగా సొంత కొలువులోని ఓతా గ్యూయిచి. కాబట్టి ఆయన్ను కడిగి ముత్యం చేయమని నేను అడగడం లేదు. కానీ చంపినవాడు భూతమైపోయినప్పుడు, చచ్చినవారు కూడా భూతకథలో భాగమైపోతారు. పైగా ఆ ఒక్క భూతాన్ని పక్కన నిలబెడితే మిగతా ప్రభువులంతా వారంతట వారే శుభ్రమైపోతారు.

నన్ను అన్నిటికంటే కుదిపివేసిన సాక్ష్యం మాత్రం ఏ ప్రభువు లేఖా కాదు. అది ఒక పెంకు. ఇప్పటి ఫుకుయి ప్రాంతంలోని కోమారు కోట శిథిలాల్లో 1932లో దొరికిన ఇంటికప్పు పెంకు. పచ్చి మట్టిగా ఉన్నప్పుడే దాని మీద ఎవరో గీసి రాశారు. దాని సారాంశం ఇది: “ఈ రాతను రాబోయే కాలంవారు చూడాలి, చెప్పుకోవాలి. అయిదో నెల 24న ఇక్కీ లేచింది. మాయెదా మతాజాయెమోన్ గారు వెయ్యిమందిని ప్రాణాలతో పట్టించారు. శిక్షగా వారిని కొయ్యలకు కొట్టారు, కాగుల్లో వేసి కాల్చారు. ఇలా జరిగింది. ఒక ముక్క రాసిపెడుతున్నాను.” ఈ పెంకు కాలం గురించి పండితుల్లో చర్చ లేకపోలేదు. అయితే 1575లో ఎచిజెన్‌ను, అంటే ఆ ఫుకుయి ప్రాంతాన్నే, అణచివేసినప్పుడు ఫుచూ పట్టణం శవాలతో నిండి ఖాళీ చోటు లేదని నొబునాగా స్వయంగా తన క్యోతో అధికారికి రాశాడు కాబట్టి, ఆ పెంకు చెప్పే సంగతి ఆ గడ్డకు కొత్తది కాదు.

మతాజాయెమోన్ అంటే మాయెదా తోషీయే. 2002 తైగాలో భార్య మాత్సుతో అనురాగంగా కాపురం చేసిన కథానాయకుడు. ఆటల్లో నవ్వుతూ ఈటె తిప్పే ఆత్మీయుడు. ఇక ఇక్కీ అంటే దొంగల గుంపు కాదు. ఒకే సంకల్పంతో ప్రమాణం చేసి కలిసినవారి కూటమి. ఎచిజెన్‌లో లేచిన ఇక్కీలో రైతులు, చిన్న భూస్వాములు, అమితాభ బుద్ధుణ్ని నమ్ముకున్న సామాన్య గృహస్థులు ఉన్నారు. ఆ పెంకు మీది అంకెను మరొకసారి చూడండి. వెయ్యి. మా మేనల్లుడి తెర మెరిసిన అంకె అది.

రెండేళ్ల క్రితం ఉద్యోగం పని మీద ఒసాకా వెళ్లినప్పుడు కోటలోని ప్రదర్శనశాలకు వెళ్లాను. నేను వెళ్లింది సనాదా యుకిమురా కోసం. 1615 వేసవి యుద్ధంలో ఎర్రని కవచాల దళంతో తొకుగవా ఇయెయాసు శిబిరం మీదికి దూసుకువెళ్లి ప్రాణం విడిచిన ఆ వీరుడి పేరు బతికున్నప్పటి పత్రాల్లో నొబుషిగె అనే ఉంటుందనీ, యుకిమురా అనే పేరు ఆయన పోయిన అర్ధశతాబ్దం తర్వాత 1672 నాటి యుద్ధకథలో కనిపిస్తుందనీ అప్పటికే చదివి ఉన్నాను. అది నాకు పట్టింపు కాలేదు. కథ పెట్టిన పేరుతోనే ఆయన్ను తలచుకుంటూ వేసవి యుద్ధాన్ని చిత్రించిన మడత తెరల నకలు ముందు నిలబడ్డాను. అవి ఆరేసి మడతల జంట తెరలు. 5,000కి పైగా మనుషులు వాటిలో ఉన్నారు. కుడి తెర నిండా జెండాలు, ఈటెలు, గుర్రాలు. ఎర్రని దళాన్ని చూసి ఒళ్లు పులకరించింది.

ఆ తర్వాత ఎడమ తెర దగ్గరికి జరిగాను. అక్కడ యుద్ధం లేదు. కోట నుంచి ఉత్తరానికి పారిపోతున్న జనం ఉన్నారు. మూటలు నెత్తిన పెట్టుకున్నవారు, నదిలో దిగి ఈదలేక మునిగిపోతున్నవారు, సైనికులు చెయ్యి పట్టి లాక్కుపోతున్న ఆడవారు, దారికాచిన దొంగల ముందు నిస్సహాయంగా నిలిచినవారు, ఆయుధమే లేని మనిషి తలను బహుమానం కోసం కోస్తున్న బంటు. చిత్రకారుడు వారిలో ఎవరినీ ఒకే అచ్చులో పోయలేదు. ప్రతి ముఖం వేరు, ప్రతి చీరకట్టు లాంటి కిమోనో రంగు వేరు. నేను అరగంటకు పైగా అక్కడే ఉండిపోయాను. ఆ తెరను గీయించింది గెలిచిన పక్షానికి చెందిన ప్రభువు కురోదా నగామాసా అని చెబుతారు. నాలుగు వందల ఏళ్ల క్రితం, గెలుపును చాటుకోవడానికి గీయించుకున్న బొమ్మలోనే ఓడినవారి ఊరికి సరిగ్గా సగం చోటు దక్కింది. ఇవాళ మీరు తీస్తున్న ఒసాకా యుద్ధాల్లో నాకు కుడి తెర ఒక్కటే కనిపిస్తోంది.

టెలివిజన్ ధారావాహికలు వేరు, వాటిలో యుద్ధం పట్ల విచారం ఉంటుందని మీరు అనవచ్చు. ఉంటుంది. తైగాలో కథానాయకుడు తప్పకుండా ఏదో ఒక కొండ మీద నిలబడి “యుద్ధాలు లేని లోకం కావాలి” అంటాడు. ఆ మాట వినడానికి బాగుంటుంది గానీ, అది ఆయన చేతులను కడిగేస్తుంది. ఆయన పట్టుకున్న ఊరిలో ఆ రాత్రి ఏం జరిగిందో చూపకుండా ఆయన కంట నీరు మాత్రం చూపడం నాకు న్యాయంగా తోచదు. పద్దెనిమిదేళ్ల మసామునె తన లేఖలో ఆ మాట అనలేదు.

ఇది ఆటలో, వినోదంలో కుదరని పని అని కూడా నేను ఒప్పుకోలేను. 1983లో కోయే సంస్థ నొబునాగా పేరుతో తెచ్చిన వ్యూహక్రీడలో బొమ్మలు నామమాత్రం, అన్నీ అంకెలే. అయినా ఆ ఆటలో పన్ను పెంచితే రైతుల విశ్వాసం తగ్గుతుంది, వరదలకు కట్టలు వేయకపోతే పంట పోతుంది, కడుపు మండితే ఇక్కీ లేస్తుంది. ఆటగాడు గెలవాలంటే రైతును లెక్కలోకి తీసుకోక తప్పదు. గడ్డిపోచ కదలికను కూడా చూపగల నేటి యంత్రాలు మీ చేతిలో ఉండగా ఆ రైతు ఎక్కడికి పోయాడు?

మీ కథలకు ఎంత శక్తి ఉందో నాకు తెలుసు కాబట్టే ఇంతగా అడుగుతున్నాను. 2015లో మొదలైన తోకెన్ రాంబు ఆటలో పాత కత్తులే అందమైన యువకులైతే, కుర్రకారు మ్యూజియంల ముందు బారులు తీరారు. 2020లో సెతోవుచి నగరం జాతీయ సంపదగా గుర్తించిన ఒక కత్తిని 50 కోట్ల యెన్లకు సొంతం చేసుకున్నప్పుడు దేశం నలుమూలల నుంచి విరాళాలు వెల్లువెత్తాయి. ఇనుప ముక్కకు ప్రాణం పోసి లక్షలమంది చేత ప్రేమింపజేయగలిగినవారు, ఆ ఇనుము కింద పడిన మనిషికి ఒక ముఖం ఇవ్వలేరా?

ఇందుకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. తైగా ప్రతి భాగం చివర కథ జరిగిన ఊళ్లను, గుళ్లను, సమాధులను చూపే చిన్న యాత్రాఖండిక వస్తుంది. నేను దాన్ని కథ కంటే ఎక్కువ ఇష్టంగా చూస్తాను. అనిమేకు కూడా అలాంటిది ఉండవచ్చు; అందులో విజేత కోటతో పాటు ఓడిన ఊరి పేరు, అక్కడ ఏం జరిగిందో చెప్పే ఒక వాక్యం ఉంటే చాలు. ఆటల్లో ప్రతి సేనానికీ ఒక పుట కేటాయించే నిఘంటువు మీరు ఎలాగూ పెడుతున్నారు. ఓదెమోరికి, నగాషిమాకు, ఫుచూకు ఒక్కో పుట ఇవ్వండి. మా భాషల్లోకి అనువాదానికి పంపేటప్పుడు ఆ వివరణలు కూడా జతచేసి పంపండి. ఇక్కీ అన్న మాట ఎదురైనప్పుడు మా అనువాదకుడికి దాని వెనుక ఉన్న మనుషులు తెలియకపోతే “అల్లరిమూక” అని రాసేస్తాడు. ఒక తరం తెలుగు పిల్లలకు ఆ రైతులు అల్లరిమూకగానే మిగిలిపోతారు.

ఒసాకా నుంచి తెచ్చిన తెర ఫొటోలను, పెంకు మీది రాతను, వాడు ఆ ఆట ఆడిన మర్నాడు, మా మేనల్లుడికి చూపించాను. వాడు చాలాసేపు చూశాడు. ఆట మీద వాడికి ఇష్టం పోలేదు, పోవాలని నేనూ కోరుకోలేదు. కానీ వాడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. “మామయ్యా, ఆ పెంకు రాసినవాడు ఎవరు?”

కోమారు కోట మాయెదాతో పాటు ఆ ప్రాంతం మీద నొబునాగా నియమించిన ముగ్గురిలో ఒకడైన సాసా నారిమాసాది. అంటే చంపించినవారి పక్షపు కోట కప్పుకోసం మట్టి పిసుకుతున్న చోట, ఎవరో ఒకరు, పెంకు ఆవంలోకి వెళ్లే లోపల, తోటివారి కంట పడకుండా ఆ నాలుగు వాక్యాలు గీశారు. అతను కుమ్మరా, కూలీనా, ఇక్కీలో అన్నదమ్ముణ్ని పోగొట్టుకున్నవాడా, రాయడం ఎక్కడ నేర్చుకున్నాడు, ఎంతకాలం ఆ పెంకు కోట కప్పు మీద ప్రభువుల తలల పైన ఉండిపోయింది? మీ ఊహకు ఇంతకంటే విశాలమైన మైదానం దొరకదు. జుట్టుకు ఏ రంగైనా వేయండి, పేరు మీకు నచ్చింది పెట్టండి. అతని కథను మీలో ఎవరైనా తీస్తే మా మేనల్లుడూ నేనూ మొదటి రోజే చూస్తాం.

ఇట్లు,
మీ కథలను ఇష్టపడే ఒక తెలుగు ప్రేక్షకుడు,
హైదరాబాద్